గుంట పూడ్చిన ఎండకాలం

మా బిల్డింగు ఎదురుంగ ఖాళీ జాగల మళ్ళొక టవర్ లేపుతున్నరు. పొద్దుగాల నుంచి రోలర్ మిషిన్ తిరుగుతనే ఉన్నది. ఉత్తగ తిరిగితె నాకేం బాధ లేకపోవు. అది ఒణుక్కుంట తిరుగుతది. మొరం పోసుడు, నీళ్ళు కొట్టుడు, రోలర్ తోలుడు, మళ్ళ మొరం పోసుడు. పైన మా వంటింట్ల గిన్నెలు గలగలమంటున్నయి, చాయ్ కప్పు బల్ల మీద తనంతట తనే పక్కకు జరుగుతున్నది. కుర్చీల కూసుంటె ఆ ఒణుకు కింది నుంచి అరికాళ్ళల్లకు ఎక్కుతది. లేస్త, కూసుంట, మళ్ళ లేస్త. కిటికీ కాడికి పోయి చూస్త, తిట్టుకుంట వెనుకకు వస్త.

"మమ్మీ, శాంత్ బైఠ్ నా జరా! గింత ఆగం ఎందుకైతున్నవ్?" అని మా బిడ్డ నవ్వుతున్నది.

ఆ పిల్లకేం చెప్పాలె? నేల ఒణికితె ఊకె కూసునే మనుషులం కాదు మేము. మా తాత కాళ్ళు చూసి ఉంటె దానికి తెల్సేది.

అప్పట్ల మేము బీవండిల, శాంతి నగర్ల, వరుస గదులున్న ఒక చాల్‌ల ఉండేటోళ్ళం. గోడకు అవుతల సాంచల కార్ఖానా. పవర్‌లూమ్‌ను మా దిక్కు సాంచ అంటరు. పగలు లేదు, రాత్రి లేదు, టకటక టకటక. గోడకు కొట్టిన మొల నెలకోసారి ఊడి కిందపడేది. దేవుని పటం సుత అంతె. ఇంట్ల ఇద్దరు మాట్లాడుకున్నా ఒర్రుకుంటనే మాట్లాడేది. ఊరికి పోతె చుట్టాలు "బీవండోళ్ళు కొట్లాటకు వచ్చిన్రా, సూడ వచ్చిన్రా" అని ఎక్కిరించేది. వాకిట్ల నిలవడితె ఒక దిక్కు నుంచి నూలుకు పట్టిచ్చే గంజి వాసన, ఇంకో దిక్కు నుంచి తబేల బర్ల వాసన. మా అమ్మ ఎండు బొంబిల్ చేపలు కాల్చిందంటె ఆ రెండు వాసనలు గూడ తోక ముడిచేవి. పచ్చిపులుసుల ఆ కాల్చిన చేప నంజుకుని తింటుంటె ఎవడొచ్చి పిలిచినా నేను లేచేదాన్ని కాదు.

నాయిన కిరాయి గాలాల, అంటె రేకుల షెడ్డుల, కొన్ని పాత సాంచలు నడిపేది. ఆయన దవడ మీద పొడుగు మచ్చ ఒకటి ఉండేది. వయసుల ఉన్నప్పుడు పరాయి కార్ఖానాల పనిచేస్తుంటె, సాంచ కింద నేల కుంగి, నాడె దారి తప్పి ఎగిరొచ్చి కొట్టిందట. సాంచ దెబ్బ దెబ్బకు ఎగిరి దుంకే మిషిన్. నాలుగు కాళ్ళల్ల ఒక్క కాలు కింద మన్ను దిగినా చాలు, పోగు మోసుకుంట అటూ ఇటూ ఉరికే నాడె బయటికి దుంకుతది. నాడె కొనలకు ఇనుపముక్కు ఉంటది. కన్నుకు తాకకుంట దవడకు తాకింది గద అని మా అమ్మ ఎప్పుడూ దేవునికి దండం పెట్టుకునేది.

గా ఏడాది గాలా సేటు వచ్చి, వానలు పడెలోపల ఖాళీ చెయ్యున్రి అన్నడు. నాయిన అప్పటికే నాగావ్ దిక్కు ఒక జాగ చూసి పెట్టుకున్నడు. జాగ అంటె ఏంది, పాత వరిమడి. కాలు పెడ్తె మోకాలు దాక దిగే నల్లరేగడి. మా అమ్మ చూసి నెత్తి కొట్టుకున్నది. "సాంచలు పెడ్తవా, నాట్లేస్తవా?" అన్నది. నాయిన నవ్వలే. వానలు పడెలోపల ఆ మడిని రాయిలెక్క చెయ్యాలె, పైన కాంక్రీట్ పొయ్యాలె, రేకులు కప్పాలె, సాంచలు ఎక్కియ్యాలె. లేకుంటె సాంచలు తుక్కుకు పోతయి, నాయిన మళ్ళ ఒకని కింద పనికి పోతడు. ఇంట్ల అందరికి తెల్సిన ముచ్చట ఇది. అందుకే ఆ ఎండకాలం మా ఇంట్ల ఎవలూ కుదురుగ అన్నం తినలే.

తాత గూడ అంతకుముందు చలికాలమే మా కాడికి వచ్చిండు. నాయినమ్మ పోయినంక ఊళ్ళె ఒక్కడే ఎట్లుంటడని నాయిన పోయి తోలుకొచ్చిండు. ఆయన ఒక గోనెసంచి తెచ్చుకున్నడు. బట్టలనుకున్నం. ఇప్పి చూస్తె మగ్గం కట్టెలు, కింద కాళ్ళతోని తొక్కేవి.

తాత జిందగీ అంత గుంట మగ్గం మీద నేసిండు. ఇంట్లనే నేల తవ్వి గుంట చేస్తరు. నేసెటాయిన గట్టు మీద కూసుని కాళ్ళు గుంటలకు ఇడుస్తడు. పైన చేతులు నాడె ఇసురుతుంటె కింద కాళ్ళు కట్టెలు తొక్కుతుండాలె. గట్ల పొద్దుగాల గుంటల కాళ్ళు పెట్టిన మనిషి పొద్దుగూకినంకనే తీసేది. బీవండి వచ్చినంక ఆయనకు గుంటా లేదు, మగ్గమూ లేదు, గాని కాళ్ళకు ఆ సంగతి ఎవలూ చెప్పలేదు. అన్నం తింటుంటె తొక్కుతయి. చుట్ట కాలుస్తుంటె తొక్కుతయి. పండుకుంటె దుప్పటిని తొక్కి తొక్కి కాళ్ళకాడ చింపుతయి. ఎడమది, కుడిది, ఎడమది, కుడిది. ఆయన మంచం పక్కనే నా చాప. ఆ చప్పుడుకు నాకు ముందు కోపమొచ్చేది, తర్వాత్తర్వాత జాలేసేది.

అమ్మ కళ్యాణ్ దవాఖానకు తోలుకపోయింది. డాక్టరు నరాల బలహీనత అని గోళీలు రాసిచ్చిండు. తాత వాటిని చాల్ ఎనుక మోరిల పారేసిండు.

"నాకు రోగం లేదు పిల్లా," అన్నడు నాతోని. "పని లేదు. గంతే."

ఇగ నాగావ్ జాగల పని మొదలైంది. ముందుగాల నల్లరేగడి తీసి, పెద్ద బండలు పరిచి, టెంపోల ఎర్ర మొరం తెచ్చి పోసిన్రు. రోలర్ తెద్దామంటె గల్లి ఇరుకు, రాదు. అందుకే దిమ్మిసలతోని కొట్టుడే. దిమ్మిస అంటె నిలువుకట్టె కింద బరువైన ఇనుప పలక. రెండు చేతుల ఎత్తి ధబ్బుమని నేలకు గుద్దాలె. జానెడు మొరం పరిచి, నీళ్ళు చల్లి, కొట్టాలె. అది గట్టివడ్డంక మళ్ళ జానెడు. చూసుకునెతందుకు ఒక మరాఠీ ముకద్దం ఉండేది. నోట్ల ఎప్పుడూ తంబాకే.

"సూఖా మారేగా తో మిట్టీ ఉడేగీ," అనేటోడు. "కీచడ్ మారేగా తో మిట్టీ హసేగీ."

పొడిగ కొడితె దుమ్ము లేస్తది, బురదగ కొడితె మన్ను మనలను చూసి నవ్వుతదట. మొరం పిడికిట్ల పట్టి పిసుకుతే ముద్ద కావాలె, ముద్దను కిందికి ఇడిస్తె పలగాలె. అప్పుడు కొట్టాలె. నేను ఆ ముద్దలు చేసి చేసి మా చాల్ పోరగాండ్ల ఈపులకు ఇసిరేదాన్ని. ఒకటి గురి తప్పి ముకద్దం టోపీకే తాకింది. ఆయన దాన్ని చేతిల పట్టి పిసికి చూసి "పానీ బరోబర్ హై" అన్నడు. గప్పుడు నాకు ఆయన మీద మస్తు ఇజ్జత్ అనిపించింది.

శుక్రారం సాంచలకు సుట్టి. కరెంటు బంద్, ఊరంత చెవులల్ల దూది పెట్టినట్టు అయితది. గా దినం చాల్‌లోళ్ళందరు మా జాగలకు వచ్చేది. ఆడోళ్ళు బిందెలతోని నీళ్ళు చల్లుడు, మొగోళ్ళు దిమ్మిస కొట్టుడు. పక్కింటి చర్చి పెద్దమ్మ సర్వపిండి గిన్నె దింపి, "ప్రభువు బండ మీద ఇల్లు కట్టుమన్నడు, మీరు బురద మీద కట్టి బండ చేస్తున్నరు" అని నవ్వేది. నిమ్మకాయ షర్బత్, వడాపావ్, చెమట వాసన, తడిసిన మొరం వాసన. ఎంత పీల్చినా ఆ మొరం వాసన సాలకపోయేది నాకు.

మా పిల్లలకు ఒక పని పెట్టిండు నాయిన. బడిల మేమాడే లంగ్డి, ఒంటికాలుతోని కుంటుకుంట దుంకేది, ఆ కొట్టిన నేల మీద ఆడాలె. మడమ దిగిన కాడ ఒర్రాలె. అందరికన్న నేనే దొడ్డుగ ఉండేదాన్ని. నేను దుంకితె దిగనిది ఏది దుంకినా దిగదని నాకు 'రోలర్' అని పేరు పెట్టిన్రు. మొదట్ల ఏడ్చిన, తర్వాత దాన్నే గొప్పగ చెప్పుకున్న. కొట్టంగ కొట్టంగ నేల చప్పుడు మారింది. ముందు బద్ బద్ అనేది, ఎండకాలం నడుమకు వచ్చేసరికి దిమ్మిస పడితె ఠంగ్‌మని చేతులకే తిరిగి కొట్టేది. నాయిన ఆ చప్పుడు ఇన్నంక కొంచెం నిమ్మలంగ చాయ్ తాగిండు.

తాత రోజూ జాగ గట్టు మీద కూసుని చూసేది. కాళ్ళు తొక్కుతుంటయి, కండ్లు ఒక మూలను చూస్తుంటయి. ఒక దినం నాయినను పిలిచిండు.

"ఓ మూలకు నాకింత గుంట ఇడువురా."

"గుంటలు పూడ్చెతందుకే గద బాపు ఈ తిప్పలన్ని."

"నీ సాంచలు నువ్వు పెట్టుకో. నాకు మంచమంత జాగ సాలు."

"జాగ గురించి కాదు. ఇంత కొట్టిన నేలకు బొంద పెడ్తె చుట్టు మన్ను అంత దాంట్లెకు జారుతది. కింద నీళ్ళున్నయి."

"నేలన్నంక గుంటను ఓర్చుకోదా? మన ఊళ్ళె ఇంటికొక గుంట. ఏ ఇల్లు కూలింది?"

"అది పుట్టినప్పటి సంది ఉన్న నేల బాపు. ఇది పోసిన నేల. ఇది ఓర్చుకోదు."

 ఆ పూట తాత అన్నం సగమే తిన్నడు. అమ్మ నాయినతోని కొట్లాట పెట్టుకున్నది, ముసలాయన అడిగింది బొందనే గద, బంగారమా అని. నాయిన తన దవడ మీద ఏలు పెట్టి చూపిచ్చిండు. అమ్మ మూతి ముడుచుకుని లోపలికి పోయింది. నాకు మాత్రం తాత అడిగిందే నాయంగ కనిపించింది. ఇంత పెద్ద జాగల ఒక మనిషి కాళ్ళు పెట్టుకునె జాగ లేదా?

దిమ్మిస పని అయిపోయింది. తెల్లారితె కాంక్రీట్ పొయ్యాలె. ఆ తెల్లారేది శుక్రారం, చాల్ మనుషులందరు సాయానికి వస్తరు. సిమెంట్ కోసం, మిక్సర్ మిషిన్ కోసం నాయిన, ముకద్దం ఇద్దరు స్కూటర్ మీద పోయిన్రు. జాగ మీద కావలి తాత, నేను.

తాత లేచి ధోతి గోచి పెట్టిండు. గడ్డపార తీసుకున్నడు.

"తట్ట పడ్తవా?" అన్నడు.

"పడ్త," అన్న. అడిగెటందుకు ఏమున్నది? ఎగిరి గంతేసిన.

పై మన్ను గడ్డపారకు నిప్పులు రాల్చింది, అంత గట్టిగ కొట్టిన్రు. అది పలిగినంక లోపల సులువైంది. తాత తవ్వుతడు, బండలు పెకిలిస్తడు, నేను తట్టల ఎత్తి పోస్త. గజం పెట్టి కొలువలే ఆయన. నడుమ నడుమ గట్టు మీద కూసుని కాళ్ళు లోపలికి ఇడిచి చూసుకునేది, "ఇంకింత" అని మళ్ళ తవ్వేది. ఆఖరుకు ఎంట తెచ్చుకున్న గోనెసంచిల నుంచి కట్టెలు తీసి లోపల పెట్టిండు. కూసున్నడు. పాదాలు కట్టెల మీద ఆనినయి.

కాళ్ళు ఆగినయి.

నేను చూస్తనే ఉన్న. ఎడమది ఆగింది, కుడిది ఆగింది. చలికాలం సంది ఒక్క గడియ ఊకె ఉండని కాళ్ళు, నిద్రపోయిన పసిపోరగాని కాళ్ళలెక్క మెత్తగ అయినయి. తాత మొఖం వదులైంది. "మీ నాయినమ్మ సల్ల కుండను గుంటలనే పెట్టేది," అన్నడు. "సల్లగ ఉంటదని. నేసుకుంట నేసుకుంట ఒంగి ఒక ముంత తాగేది నేను. 'నీ కాళ్ళ కింది సల్ల నీకే సాలు, పిల్లలకు ఏది' అని అది ఒర్రేది." నవ్విండు. బీవండి వచ్చినంక ఆయన నవ్వుడు నేను చూసుడు గదే మొదలు.

ఇంతల పాదాల కింద తడి కనిపించింది. ముందు చెమటనుకున్న. నల్లటి నీళ్ళు, కుళ్ళిన వరిగడ్డి వాసన. ఊరుకుంట ఊరుకుంట చీలమండలు మునిగినయి. గట్టు అంచు మెల్లగ ఇరిగి నీళ్ళల్ల పడ్డది. చుట్టు కొట్టిన నేల మీద వంకరగ ఒక పగులు, సాంచలు పెట్టె వరుస దిక్కు పాకుతున్నది. "తాతా, లే," అన్న. ఆయన లేవలే. కాళ్ళు నీళ్ళల్లనే పెట్టుకుని ఆ పగులును చూస్తున్నడు.

స్కూటర్ వచ్చి ఆగింది.

ముకద్దం ముందుగాల చూసిండు. "అరే చాచా! యే క్యా కియా!" అని నెత్తి మీద చేతులు పెట్టుకున్నడు. నాయిన కోపం మా చాల్ అంతటికి తెల్సు. నేను తట్ట నెత్తి మీద బోర్లిచ్చుకుని నిలవడ్డ. నాయిన గుంట కాడి దాక ఉరికొచ్చిండు, నోరు తెరిచిండు, ఆగిండు. నీళ్ళల్ల తాత కాళ్ళు కనిపిస్తున్నయి. అవి తొక్కుతలేవు. నాయిన వాటినే చూస్తున్నడు. పైన మబ్బు కమ్ముకొస్తున్నది, గాలికి పక్క షెడ్ల రేకులు లేస్తున్నయి.

"ఈ మూల వదిలిపెడ్దాం," అన్నడు నాయిన ముకద్దంతోని, హిందీల. "సాంచలు అవుతలికి జరుపుదాం."

"పాగల్ హో గయా క్యా? పానీ నీచేసే ఫైలేగా. పూరా లైన్ బైఠేగా."

"బైఠ్‌నే దో. మేరీ జగా హై."

కింది నుంచి నీళ్ళు పాకి వరుస వరుసంత కుంగి కూసుంటది అంటుంటె, కూసోనియ్యి, నా జాగ అంటున్నడు మా నాయిన! ఆ ఎండకాలమంత చేతులు పలగంగ కొట్టిన మనిషి, దవడ పలగ్గొట్టుకున్న మనిషి. నాకు సంబురం ఆగలే. గెలిచినం అనుకున్న.

తాతకు ముకద్దం హిందీ అంత సమజ్ కాకపోవచ్చు. పగులు సమజయ్యింది. ఆయన ఒక్కసారి నాయిన దవడను చూసిండు. కాళ్ళు బయటికి తీసిండు.

"బొచ్చె తే పిల్లా. నీళ్ళు ఎత్తిపోద్దాం."

"ఒద్దు తాతా!"

"తే అంటున్న."

నీళ్ళు ఎత్తిపోసిండు. నల్ల మన్ను తీసిండు. బండలు ఏరి పేర్చిండు, సందులల్ల చిన్న రాళ్ళు కూరిండు. మొరం పిడికిట్ల పిసికి, ఇడిచి, పలిగిందో లేదో చూసి, జానెడు పరిచిండు. దిమ్మిస ఎత్తిండు. నాయిన వచ్చి కట్టె పట్టుకున్నడు, నేను కొడ్త ఇయ్యి బాపు అని. తాత ఇడువలే.

"నా గుంట. నేనే పూడ్సుకుంట."

జానెడు, మళ్ళ జానెడు. రొమ్ము ఎగపోస్తున్నది, అయినా ఎవలనూ ముట్టనియ్యలే. బద్ బద్ అన్న చప్పుడు ఠంగ్‌మన్నదాక కొట్టిండు. పొద్దుగూకేటాల్లకు అక్కడ గుంట ఉండేనా అన్నట్టు అయింది. నన్ను పిలిచి లంగ్డి దుంకుమన్నడు. నేను దుంకలే. ఏడ్చుకుంట గట్టు మీద కూసున్న. నాయిన మీద కోపం, తాత మీద ఇంకింత కోపం. ఇచ్చినప్పుడు గూడ తీసుకోనోనికి అడుగుడెందుకు?

కాంక్రీట్ పోసిన్రు, వానలు పడ్డయి, సాంచలు ఎక్కినయి. ఒక్క కాలు దిగలే. నాయిన మొఖం మీద మళ్ళొక మచ్చ పడలే. తాత మంచం ఆ షెడ్డులనే ఒక మూలకు వేసిన్రు. సాంచలు నడుస్తుంటె నేలనే ఒణికేది గనుక ఆయన కాళ్ళ తొక్కుడు ఎవలకు కండ్లవడకపోయేది. మానిందనుకున్నరు అందరు. శుక్రారం వస్తె తెల్సేది నాకు. ఆ దినం ఆయన కూసోకపోయేది. టెంఘర్ దాక నడిచి పోయి, వచ్చి, మళ్ళ పోయేది. ఆయన మగ్గం కట్టెలు మా పోరగాండ్లు క్రికెట్‌కు స్టంపులు చేసుకుని ఇరగ్గొట్టిన్రు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు. సాంచలు తుక్కుకే పోయినయి చివరికి, అక్కడ ఎవనిదో గోదాం ఉన్నది. దాని మీద నాకు రంధి లేదు. రోలర్ గూడ ఇప్పుడే ఆపిన్రు, పనోళ్ళు అన్నానికి పోయినట్టున్నరు. నాకే ఇంకా కాళ్ళు ఆగుతలేవు. ఇట్ల అయినప్పుడల్ల గుంట గుర్తుకురాదు నాకు, దాని తర్వాత కొన్నేండ్లకు చూసింది గుర్తుకొస్తది.

తాత మంచం పట్టి లేవలేని స్థితిల ఉన్నడు. శుక్రారం, మధ్యాహ్నం, సాంచలు బంద్. మాటలు పోయినయి, చూపు పోయింది, కాళ్ళు మాత్రం ఆగుతలేవు. బలం లేక గాలిల తొక్కుతున్నయి, దొరకనిదేదో దేవులాడినట్టు. అమ్మ పట్టి ఒత్తింది, దుప్పటి చుట్టింది, ఆగలే. నాయిన వచ్చిండు. చేతుల నూనె తుడుచుకున్నడు. మంచం కాళ్ళదిక్కు నేల మీద కూసుని, రెండు అరచేతులు తాత రెండు అరికాళ్ళకు ఆనిచ్చిండు. ఎడమ కాలు తొక్కితె ఆ చెయ్యి వెనుకకు పోనిచ్చి, రెండోది ముందుకు తెచ్చిండు. కుడి కాలు తొక్కితె మళ్ళ గట్లనే, మగ్గం కట్టెలలెక్క.

"నెయ్యి బాపు," అన్నడు. "నెయ్యి."

నాయిన ఏడుస్తుండు. చేతులు మాత్రం తప్పుతలేవు. పొద్దుగూకెదాక ఇద్దరు నేసిన్రు.